రెండేళ్ల ముందే చెప్పినా భోపాల్ ఎందుకు వినలేదు? అలాంటి మాటను వినడమంటే ఏం చేయాలి?

ఏటిగట్టు అడిగారు:

యూనియన్ కార్బైడ్ పురుగుమందుల ఫ్యాక్టరీ నుంచి విషవాయువు లీకై వేలమంది చనిపోయిన భోపాల్ గురించి ఎవరు రాసినా మధ్యలో ఒక ముక్క తగులుతుంది. రాజ్‌కుమార్ కేస్వానీ అనే స్థానిక పాత్రికేయుడు రెండేళ్ల ముందే హెచ్చరించాడు, ఎవరూ పట్టించుకోలేదు అని. అంతే, అక్కడి నుంచి 1984 డిసెంబరు 2 రాత్రిలోకి వెళ్లిపోతారు. వాళ్లు వదిలేసిన ఆ మధ్య భాగమే నాకు కావాలి.

ఆయన దగ్గర ఉన్నది గట్టి ఆధారమా, అనుమానమా? ఆ మాట నిజమో కాదో 1982లోనే తేల్చాలనుకుంటే ఎక్కడికి వెళ్లి ఏం చూడాల్సింది? ఇప్పుడు పరవాడలోనో, పాశమైలారంలోనో ఒక కార్మికుడు "ఇది పేలుద్ది" అంటే, అది ఊరికే భయమా, ఖరారైన మాటా అని ఎలా తెలుస్తుంది? "ధైర్యంగా గొంతెత్తాలి" లాంటి జవాబులు వద్దండి. చెప్పేవాళ్ల ధైర్యం గురించి చాలామంది రాశారు. వినేవాళ్ల పని ఏమిటన్నది నా ప్రశ్న.

---

పాతపేపర్లు:

మొదటి ప్రశ్నకు చెబుతాను. అనుమానం కాదు, ఆధారమే. అదీ మూడు రకాలు.

ఒకటి, అప్పటికే జరిగిన ప్రమాదాలు. 1981 డిసెంబరులో అష్రఫ్ అనే కార్మికుడు ఫాస్జీన్ తగిలి చనిపోయాడు. 1982 మొదట్లో మళ్లీ ఫాస్జీన్ లీకై ఇరవై మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. అక్టోబరులో మిథైల్ ఐసోసయనేట్ (అందరూ మిక్ అంటారు) లీకైతే పక్క బస్తీల జనం ఇళ్లు వదిలి పరుగెత్తారు. రెండు, ఆ వాయువుల స్వభావం. ఫాస్జీన్, మిక్ రెండూ గాలికంటే బరువు. పైకి లేచి చెదిరిపోకుండా నేలబారుగా పాకుతాయి. ప్లాంటు గోడకు ఎదురుగానే బస్తీలు, రైల్వేస్టేషను కూతవేటులో. కేస్వానీ రసాయనశాస్త్రవేత్త కాదు. ఈ సంగతులు కార్మికుల దగ్గరా పుస్తకాల్లోనూ నేర్చుకున్నాడు.

మూడోది అన్నిటికంటే గట్టిది: కంపెనీ సొంత కాగితం. 1982 మేలో అమెరికా నుంచి యూనియన్ కార్బైడ్ తనిఖీ బృందం వచ్చింది. ఫాస్జీన్, మిక్ యూనిట్లలో పరికరం చెడినా, నడపడంలో తేడా వచ్చినా, మరమ్మతులో పొరపాటు జరిగినా విషవాయువు బయటపడే అవకాశం ఉందని రాసి వెళ్లింది. ఫిల్టర్లు కడిగేటప్పుడు పైపులైనుకు స్లిప్ బ్లైండ్ (పైపు అతుకు మధ్య బిగించి దారి పూర్తిగా మూసే ఇనుప బిళ్ల) వేయడం లేదని, వాల్వులు కారితే ప్రమాదమని కూడా అందులోనే ఉంది. ఈ వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి, కింద ఎవరో ఒకరు దీని దగ్గరికి వస్తారు. ఆ నివేదిక ప్రతిని కేస్వానీ సంపాదించాడు.

తన చిన్న హిందీ వారపత్రిక 'రపట్'లో 1982 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మూడు వ్యాసాలు రాశాడు. 1984 జూన్‌లో 'జనసత్తా' దినపత్రికలో మరోసారి రాశాడు. రహస్యంగా చెప్పిన మాటేమీ కాదు, శాసనసభ దాకా వెళ్లింది. 1982 డిసెంబరులో కార్మిక మంత్రి సభలో ఇచ్చిన జవాబు సారం ఇది: ఇరవై అయిదు కోట్ల ఫ్యాక్టరీని రాయిలా ఎత్తి ఇంకోచోట పెట్టలేం, భోపాల్‌కు ప్రమాదమేమీ లేదు.

ఆ జవాబును కాస్త నెమ్మదిగా చదవండి. "మీ వాల్వు కారుతోంది" అన్నదానికి "ఫ్యాక్టరీని తరలించలేం" అనేది జవాబు కాదు. ఎవరూ అడగని పెద్ద ప్రశ్నకు జవాబిచ్చి, అడిగిన చిన్న ప్రశ్నను పక్కన పెట్టారు. మంత్రి వెళ్లి వాల్వు చూడనక్కర్లేదు. ఫలానా వారంలో ఫలానా ఇన్‌స్పెక్టరు వెళ్లి, ఆ నివేదికలోని ఒక్కో అంశం సరిదిద్దారో లేదో రాసివ్వాలని ఆదేశిస్తే చాలేది.

జనం వైపు నుంచి ఇంకో అడ్డంకి ఉంది, మన భాషకు బాగా దగ్గరిది. ఆ బస్తీల్లో చాలామంది అక్కడ పంటలకు 'దవాయీ' తయారవుతుందనుకునేవారు. మనమూ పొలానికి "మందు కొట్టాం" అంటాం కదా. మందు తయారయ్యే చోటికి భయపడాలని ఎవరికి తోస్తుంది? సెవిన్ అనే పురుగుమందు కోసం మిక్, దానికోసం ఫాస్జీన్ (మొదటి ప్రపంచ యుద్ధంలో ప్రయోగించిన వాయువు) అక్కడ తయారయ్యేవని తెలిస్తే అదే గోడను వేరే కళ్లతో చూసేవారు.

---

ట్యాంక్‌ఫామ్:

రెండో ప్రశ్న నాది. 1982 నుంచి 1984 నవంబరు దాకా ఎవరైనా గేటు దాటి లోపలికి వెళ్లి ఉంటే ఏం చూడగలిగేవారు? రసాయనశాస్త్రం రాకపోయినా చూసి చెప్పగలిగినవే చాలా ఉన్నాయి.

మిక్ ట్యాంకులు మూడు: ఇ-610, ఇ-611, ఇ-619. ఒకదానిలో తేడా వస్తే సరుకు మళ్లించడానికి ఒకటి ఖాళీగా ఉండాలి. ఇ-619 ఖాళీగా లేదు. ఇ-610లో ఆ రాత్రి దాదాపు 42 టన్నులుంది. సగానికి మించి నింపకూడదన్నది కంపెనీ మాటే. మిక్‌ను 0–5 డిగ్రీల మధ్య ఉంచాలి, 11 డిగ్రీలు దాటితే అలారం మోగాలి. 1984 జూన్‌లో శీతలీకరణ ఆపేశారు. ట్యాంకు 15–20 డిగ్రీల దగ్గర నిలిచింది, అంటే ఎప్పుడూ అలారం గీతకు పైనే. ఎప్పుడూ గీత పైనే ఉండే అలారానికి అర్థమే ఉండదు. మిక్ 39 డిగ్రీలకే మరుగుతుంది. మన దగ్గర మే నెలలో నీడలోనే ఆ వేడి ఉంటుంది.

తర్వాత రక్షణ పొరలు. వెంట్ గ్యాస్ స్క్రబ్బర్ (వాయువును కాస్టిక్ సోడా ద్రావణంతో కడిగి విరిచేది) స్టాండ్‌బైలో ఉంది. ఫ్లేర్ టవర్ (బయటికొచ్చే వాయువును కాల్చేసేది) దగ్గర తుప్పుపట్టిన పైపు ముక్కను తీశారు, కొత్తది బిగించలేదు. నీళ్లు చిమ్మే మానిటర్ల ధార 12–15 మీటర్లకు మించి ఎక్కలేదు, గ్యాస్ బయటపడింది 30 మీటర్ల ఎత్తున్న గొట్టం నుంచి. మిక్ యూనిట్లో ఒక్కో షిఫ్టు మనుషులను దాదాపు సగానికి తగ్గించారు.

శీతలీకరణ, స్క్రబ్బర్, ఫ్లేర్, ఖాళీ ట్యాంకు. నాలుగు పొరలు. వీటిలో ఒక్కొక్కటి ఆగడానికి ఒక్కో కారణం ఉంటుంది: ఖర్చు, మరమ్మతు, ఉత్పత్తి ఆగి ఉండడం. విడివిడిగా వింటే ఏదీ వింతగా ఉండదు. ఒకే రోజున నాలుగూ లేవని చెప్పే కాగితం ఎవరి బల్ల మీదా లేదు. నా లెక్కన అసలు లోపం అదే.

ఆ రాత్రి పైపులు కడుగుతున్నారు, స్లిప్ బ్లైండ్ వేయలేదు. పైన పాతపేపర్లు గారు గుర్తుపెట్టుకోమన్న వాక్యం ఇదే. నీళ్లు తగిలితే మిక్ విపరీతంగా వేడెక్కుతుంది. నీళ్లు ఆ దారినే ట్యాంకులోకి వెళ్లాయన్నది ఎక్కువమంది దర్యాప్తుదారుల మాట. ఎవరో కావాలని నీళ్లు పెట్టారన్నది కంపెనీ వాదన. ఏది నిజమైనా పై నాలుగు పొరల్లో మార్పేమీ ఉండదు.

ఇంకో సంగతి. రాత్రి 10:20కి ట్యాంకు ఒత్తిడి 2 పీఎస్ఐ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం), 11 గంటలకు 10. మామూలు హద్దు 2–25 కాబట్టి 10 చూసి ఎవరూ ఉలిక్కిపడలేదు. హద్దులోనే ఉంది, నిజమే. కానీ నలభై నిమిషాల్లో అయిదింతలైంది. అంకెను మాత్రమే చూస్తే ఇలాగే అవుతుంది, వెనకటి అంకె పక్కన పెట్టుకుని చూడాలి. 12 గంటల తర్వాత 30 దాటింది. 40 దగ్గర సేఫ్టీ వాల్వు తెరుచుకుంది.

కళ్లు మండడాన్ని అక్కడ లీకు గుర్తించే పద్ధతిగా వాడేవారు. పనిచోట మిక్ పరిమితి 0.02 పీపీఎం (పీపీఎం అంటే గాలిలో పది లక్షల్లో ఒక వంతు). 2 పీపీఎం దగ్గర కళ్లలో నీళ్లు తిరుగుతాయి, వాసన మాత్రం తెలియదు. అంటే కన్నీళ్లు వచ్చేసరికే పరిమితికి వంద రెట్లు పీల్చినట్టు. "కళ్లు మండుతున్నాయి సార్" అన్న మనిషిని "అది మామూలే" అని పంపించిన ప్రతిసారీ ఒక డిటెక్టరు మోగితే నోరు మూయించినట్టే.

---

రెండోవైపు:

ఇదంతా జరిగాక రాసిన లెక్క కదా. ఏ ప్లాంటుకైనా ఏడాదికి వందల ఫిర్యాదులొస్తాయి. కొన్ని ప్రమోషన్ రాలేదని, కొన్ని కాంట్రాక్టు దక్కలేదని. ప్రతిదానికీ ప్లాంటు ఆపితే రెండో నెల జీతాలుండవు. నిజమైన హెచ్చరికను ముందే వేరు చేయగల గుర్తు ఏదైనా చెబితే ఒప్పుకుంటాను. "తర్వాత నిజమైంది కాబట్టి నిజం" అనేది గుర్తు కాదు.

---

పర్మిట్‌పుస్తకం:

న్యాయమైన అభ్యంతరం. గుర్తులున్నాయి, అన్నీ ముందే చూడగలిగినవే.

మాటలో వస్తువు ఉందా? "ఇక్కడ భద్రత లేదు" అంటే పట్టుకోవడానికి ఏమీ లేదు. "ఫిల్టరు కడిగేటప్పుడు బ్లైండ్ వేయడం లేదు" అంటే వస్తువుంది, చోటుంది, పనుంది. రెండోది, గొలుసు ఉందా? దీనివల్ల అది, దానివల్ల ఇది అని మధ్యలో తెగకుండా చెప్పగలగాలి. మూడోది, అబద్ధమైతే ఈరోజే తేలిపోతుందా? నా దృష్టిలో ముఖ్యమైనది ఇదే. అరగంటలో వెళ్లి చూసి "లేదు, బ్లైండ్ ఉంది" అని కొట్టిపారేయగల మాట అయితే, కొట్టిపారేయడానికైనా వెళ్లి చూడాలి. ఈ మూడూ ఉంటే చెప్పినవాడు ప్రమోషన్ రానివాడైనా, యూనియన్ మనిషైనా, మీకు గిట్టనివాడైనా సంబంధం లేదు. వాడి ఉద్దేశం వాల్వును బిగించదు, కారనివ్వదు.

మామూలుగా జరిగేది దీనికి తలకిందులు. మొదట ఎవరన్నాడని అడుగుతారు, తర్వాత ఎందుకన్నాడని, ఆ తర్వాత ఈ కాగితం బయటికెలా వెళ్లిందని. ఏమన్నాడన్నది మిగిలిపోతుంది.

ప్లాంటు ఆపాలా అన్నది కూడా మొదటి మెట్టు మీద వచ్చే ప్రశ్న కాదు. మొదటి మెట్టు చూడడం. దానికి అరగంట, ఇద్దరు మనుషులు చాలు, వాళ్లలో ఒకరు ఆ యూనిట్‌కు చెందనివారై ఉండాలి. చెప్పిన మనిషినీ వెంట తీసుకెళ్లాలి. ఇది చాలాచోట్ల తప్పుతుంది. అతను లేకుండా వెళితే పక్క వాల్వు చూసి "అంతా బాగుంది" అని రాసేస్తారు. చూశాక జవాబు తేదీతో కాగితం మీద ఉండాలి: చూసిందేమిటి, కనబడిందేమిటి, ఏం చేస్తున్నాం, ఎప్పటికి. చేయకపోతే ఎందుకు చేయడం లేదు, ఆ నిర్ణయం ఎవరిది. చివరి ముక్క దగ్గర సంతకం పెట్టాల్సి వస్తే చాలామంది రెండోసారి ఆలోచిస్తారు.

ట్యాంక్‌ఫామ్ గారు చెప్పిన నాలుగు పొరలకు మందు బైపాస్ రిజిస్టరు. పనిచేయని ప్రతి అలారం, ఇంటర్‌లాక్ (తేడా వస్తే యంత్రాన్ని తానే ఆపే ఏర్పాటు), స్క్రబ్బర్, పంపు ఒకే పుస్తకంలో, ఒకే పేజీలో ఉండాలి: ఎప్పుడు ఆపాం, ఎవరి అనుమతితో, ఎప్పటికి తిరిగి పెడతాం, అంతదాకా బదులేమిటి. షిఫ్టు మారేటప్పుడు ఆ పేజీ చదవాలి. ఒకే ట్యాంకును కాపాడే పొరల్లో రెండు ఒకేసారి లేకపోతే నిర్ణయం షిఫ్టు ఇన్‌ఛార్జి చేతిలో ఉండకూడదు, పైకి వెళ్లాలి. మెకానికల్, ఇన్‌స్ట్రుమెంట్, ఉత్పత్తి విభాగాలు విడివిడిగా పుస్తకాలు రాసుకుంటే ఇది పనిచేయదు. భోపాల్‌లో ఒక్కో లోపం ఒక్కోరికి తెలుసు.

దగ్గరి ఉదాహరణ: 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్.వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడి 12 మంది చనిపోయారు. స్టైరీన్ 145 డిగ్రీలకు గాని మరగదు, మిక్‌తో పోలిస్తే సాధువు. కానీ వెచ్చగా, కదలకుండా ఉంటే తనలో తానే గట్టిపడుతూ వేడి పుట్టిస్తుంది. ఆ వేడికి ఇంకా వేగంగా గట్టిపడుతుంది. దాన్ని ఆపడానికి టీబీసీ అనే నిరోధకం కలపాలి, చల్లగా ఉంచాలి, తిప్పుతుండాలి. రాష్ట్ర ప్రభుత్వ హైపవర్ కమిటీ తేల్చినదాని ప్రకారం ఉష్ణోగ్రత కొలిచే పరికరం ట్యాంకు అడుగున మాత్రమే ఉంది, శీతలీకరణను రాత్రంతా నడపలేదు, సైరన్ మోగించగల చోట్లు 36 ఉన్నా మోగలేదు. అడుగున చల్లగా చూపిస్తుంటే పైన ఉడుకుతోంది. భోపాల్‌కూ దీనికీ మధ్య 35 ఏళ్లు, కానీ ప్రశ్నలు అవే: చల్లదనం ఆగిందా, కొలత సరైన చోట ఉందా, సైరన్ మోగుతుందా. మూడూ బయటి మనిషి కూడా అడగగలడు.

---

ఏటిగట్టు:

చాలా స్పష్టంగా ఉంది, ధన్యవాదాలు. ఇంకో రెండు. చెప్పేవాడు కాంట్రాక్టు కార్మికుడైతే? పేరు బయటపడిన మర్నాడు గేటు పాసు ఆగిపోతుంది. అలాగే, ఫ్యాక్టరీతో సంబంధం లేని ఊరివాళ్లకు లోపలి కాగితాలు దొరికే దారి ఉందా?

---

అర్జీ:

కాంట్రాక్టు కార్మికుడి సంగతి ముందు. భోపాల్ తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టానికి ప్రమాదకర పరిశ్రమల కోసం ఒక అధ్యాయం చేర్చారు. అందులో 41హెచ్ సెక్షన్ ఉద్దేశం ఇది: ప్రాణాపాయం ఉందనిపిస్తే కార్మికుడు యాజమాన్యానికి నేరుగా గాని భద్రతా కమిటీ ద్వారా గాని చెప్పవచ్చు, అదే సమయంలో ఇన్‌స్పెక్టరుకూ తెలియజేయవచ్చు. యాజమాన్యం ఒప్పుకుంటే వెంటనే సరిచేయాలి. ఒప్పుకోకపోయినా ఊరుకోవడానికి లేదు, విషయాన్ని ఇన్‌స్పెక్టరుకు పంపాలి. 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో అమల్లోకి వచ్చిన 2020 వృత్తి భద్రత కోడ్‌లోనూ ఇదే హక్కు ఉంది. "అదే సమయంలో" అన్న మాటను వాడుకోవాలి. ముందు లోపల చెప్పి, నెల ఆగి, తర్వాత బయట చెబితే ఆ నెలలోనే మనిషి దొరికిపోతాడు. ఒక్కడే కాకుండా నలుగురు సంతకం చేయడం, లేదా భద్రతా కమిటీలోని కార్మిక ప్రతినిధి చేత మినిట్స్‌లో రాయించడం మేలు. మినిట్స్‌లోకి ఎక్కిన మాటకు మనిషి పేరు అవసరం లేదు. సంతకం లేని ఉత్తరమైతే అందులో ట్యాంకు నంబరు, తేదీ, షిఫ్టు ఉంటేనే విలువ. అయితే ఫోటోలు పంపేటప్పుడు జాగ్రత్త, ఆ కోణంలో ఆ సమయాన ఎవరున్నారో లోపలివాళ్లకు ఇట్టే తెలుస్తుంది.

ఊరివాళ్లకు దారి ఉంది. 1989 నాటి ప్రమాదకర రసాయనాల నియమాల ప్రకారం హద్దు మించి రసాయనం నిల్వచేసే పరిశ్రమకు ఆన్‌సైట్ (గోడ లోపలి) అత్యవసర ప్రణాళిక ఉండాలి, జిల్లా యంత్రాంగం దగ్గర ఆఫ్‌సైట్ (గోడ బయటి) ప్రణాళిక ఉండాలి. లోపలి మాక్‌డ్రిల్ ఆరు నెలలకోసారి, బయటిది ఏడాదికోసారి. చుట్టుపక్కల జనానికి ప్రమాదం గురించీ, ఏం చేయాలి ఏం చేయకూడదు అన్నదీ ముందే చెప్పడం పరిశ్రమ బాధ్యత. ఆ నియమాల్లో మిక్ హద్దు 150 కిలోలు. భోపాల్‌లో ఒక్క ఇ-610లో ఉన్నదే దానికి 280 రెట్లు. క్లోరిన్‌కు 10 టన్నుల దగ్గర, అమ్మోనియాకు అంతకంటే పెద్ద హద్దు దగ్గర బాధ్యతలు మొదలవుతాయి. మీ దగ్గర పెద్ద నీటిశుద్ధి కేంద్రమో, ఐస్ ఫ్యాక్టరీయో ఉంటే ఆ రెండు పేర్లే ముందు అడగాలి.

సమాచార హక్కు దరఖాస్తు జిల్లా కలెక్టరు కార్యాలయానికి ఒకటి, ఫ్యాక్టరీల శాఖకు ఒకటి, విడివిడిగా వేయండి. ఫీజు రూ.10. "ఈ ఫ్యాక్టరీ సురక్షితమేనా?" అని అడిగితే జవాబు రాదు, అభిప్రాయం ఇవ్వడం వాళ్ల పని కాదు. కాగితాన్ని పేరుపెట్టి అడగండి: ఆఫ్‌సైట్ ప్రణాళిక నకలు, గత రెండు మాక్‌డ్రిల్స్ తేదీలు, వాటి పరిశీలన నివేదికలు, గత మూడేళ్ల తనిఖీ నివేదికలు, వాటిలోని లోపాలు సరిదిద్దినట్టు వచ్చిన జవాబులు. చివరిది తప్పకుండా అడగండి. లోపం రాసిన కాగితం దాదాపు ఎప్పుడూ ఉంటుంది, సరిదిద్దిన కాగితమే ఉండదు. 1982 నివేదిక విషయంలో అడగాల్సిందీ అదే.

జవాబుకు గడువు 30 రోజులు. ప్రాణానికి సంబంధించినదైతే 48 గంటలు, కానీ లీకు నడుస్తున్నప్పుడు తప్ప దాన్ని వాడకండి, ఊరికే వాడితే దరఖాస్తు తేలికైపోతుంది. వాణిజ్య రహస్యమని తిరస్కరిస్తే ప్రజాప్రయోజనం మిన్న అని అదే సెక్షన్‌లో ఉన్న మాటను పట్టుకుని 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయండి. నకలు ఇవ్వకపోతే ఫైలు చూసే హక్కు అడగండి. ఫైల్లో ఎడమవైపున్న నోట్ షీట్లు చదవడం మరిచిపోవద్దు.

---

ట్యాంక్‌ఫామ్:

మాక్‌డ్రిల్ నివేదిక చేతికొచ్చాక చూడాల్సినవి. ఏ వేళ చేశారు? పగలు 11 గంటలకు చేసిన డ్రిల్ భోపాల్‌కూ, విశాఖకూ పనికొచ్చేది కాదు, రెండూ నిద్రవేళ వచ్చాయి. సైరన్ ఎంత దూరం వినిపించిందో రాశారా? గాలి ఎటు వీస్తోందో ఊరివాళ్లకు కనబడేలా విండ్‌సాక్ ఉందా? భోపాల్‌లో బయటి సైరన్ కాసేపు మోగించి ఆపేశారు, మళ్లీ మోగేసరికి రెండైంది. జనం గాలి వీచే వైపే, వాయువుతోపాటే పరుగెత్తారు.

గాలికి అడ్డంగా, పక్కకు వెళ్లాలని, ముఖానికి తడిగుడ్డ కట్టుకోవాలని చెప్పడానికి ఆ రాత్రి రెండు వాక్యాలు చాలేవి. మిక్ నీటితో కలిసి విరిగిపోతుంది కాబట్టి తడిగుడ్డ అక్కడ ఉపయోగపడేది. స్టైరీన్ నీటిలో పెద్దగా కరగదు, అక్కడ తడిగుడ్డను నమ్ముకుని ఆగకూడదు, దూరం జరగడమే. అందుకే మీ పక్క ఫ్యాక్టరీలో ఏ రసాయనం ఉందో పేరుతో తెలియాలి. అర్జీ గారి జాబితాకు ఒకటి కలపండి: నిల్వ ఉన్న రసాయనాల పేర్లు, ఒక్కోటి గరిష్ఠంగా ఎన్ని టన్నులు.

---

రెండోవైపు:

పర్మిట్‌పుస్తకం గారి మూడో గుర్తు ఒప్పుకుంటున్నాను. ఒక్క సవరణ. "వెళ్లి చూశాం, ఏమీ లేదు" అని తేలిన ఫిర్యాదుల కాగితాలు కూడా పారేయకూడదు. ఒకే వాల్వు మీద ఆరు నెలల్లో ముగ్గురు వేర్వేరు మనుషులు రాస్తే, ముగ్గురూ పొరబడ్డారనుకోవడానికి ముందు ఆ వాల్వును విప్పించాలి. దానికి తేదీల వారీ దస్త్రం సరిపోదు, పరికరం నంబరు వారీగా కట్టాలి.

---

పర్మిట్‌పుస్తకం:

ఒప్పుకుంటున్నాను. బైపాస్ రిజిస్టరులో ట్యాగ్ నంబరుకు (అంటే పరికరం నంబరుకు) ఒక నిలువు వరస ఉంటుంది కదా, ఫిర్యాదుల దస్త్రాన్నీ అదే నంబరు కింద ముడేస్తే రెండూ పక్కపక్కనే కనబడతాయి.